సెట్-నెక్ గిటార్ తయారీలో నా తొలి అనుభవం

మా అమ్మ వాయించే వీణకు కుండ ఒక చెక్క, దండి మరొక చెక్క. ఆ రెండూ కలిసే చోట ఒక సన్నని అలంకారపు పట్టీ ఉంటుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసే ఏకాండి వీణకు ఆ పట్టీతో పని లేదు. అక్కడ పనస దుంగను కుండ నుంచి దండి దాకా ఒకే ముక్కగా తొలుస్తారు. చిన్నప్పుడు నాకు ఆ పట్టీ కేవలం అందం కోసమే ఉందనిపించేది. దాని కింద ఒక అతుకు ఉందనీ, వాద్యం బరువూ తీగల లాగుడూ అంతా ఆ అతుకు మీదనే పడుతుందనీ నలభై ఏళ్లు దాటిన తరువాత, మల్కాజిగిరిలోని మా ఇంటి డాబా మీది గదిలో స్వయంగా ఒక గిటార్ చేయడానికి కూర్చున్నప్పుడే నాకు అర్థమైంది.

ఎలక్ట్రిక్ గిటార్ నెక్‌ను, అంటే వేళ్లు నొక్కే పొడవాటి మెడ భాగాన్ని, బాడీకి నాలుగు స్క్రూలతో బిగించే పద్ధతి 1950 ప్రాంతంలో ఫెండర్ గిటార్లతో స్థిరపడింది. 1952లో వచ్చిన గిబ్సన్ లెస్ పాల్‌లో నెక్‌ను స్క్రూలతో కాక, పాత వాద్యాల తీరులో జిగురుతో అతికించారు. దీనినే సెట్-నెక్ అంటారు. అంతకు ముందు నేను స్క్రూలతో బిగించే కిట్ గిటార్ ఒకటి కూర్చి ఉన్నాను. అందులో నెక్ కోణం కొద్దిగా తప్పితే స్క్రూలు విప్పి, కింద పలుచని రేకు ముక్క పెట్టి, మళ్లీ బిగించాను. సెట్-నెక్‌లో ఆ అవకాశం ఉండదు. జిగురు ఆరిన తరువాత ఏ కోణంలో ఉంటే అదే గిటార్. ఈ ఒక్క తేడా పని క్రమాన్ని మొత్తం ఎలా మార్చివేస్తుందో చెప్పడమే ఈ వ్యాసంలో నా ఉద్దేశం.

చెక్కను 2022 నవంబరులో బోయిగూడ టింబర్ డిపోలో కొన్నాను. డిపోలో అందరూ టేకు తీసుకోమన్నారు. తలుపులకూ కిటికీలకూ టేకును మించినది లేదు కానీ, దానిలో నూనె ఎక్కువ కనుక జిగురు పట్టు గురించి ప్రత్యేకమైన జాగ్రత్త అవసరమవుతుంది. దానిలోని ఇసుక వంటి పదార్థం వల్ల పనిముట్ల పదును కూడా త్వరగా పోతుంది. మొదటి గిటార్‌కు ఆ రెండు కష్టాలూ వద్దనుకుని బాడీకీ నెక్‌కూ మహాగని, మెట్లు కూర్చే ఫ్రెట్‌బోర్డుకు తెలుగులో జిట్టేగి అని పిలిచే రోజ్‌వుడ్ తీసుకున్నాను. తేమ కొలిచే పరికరంతో చూస్తే మహాగని 15 శాతం చూపించింది. పలకల మధ్య సన్నని కర్ర పుల్లలు పెట్టి, గాలి ఆడేలా గదిలో పేర్చి, మార్చి దాకా తాకలేదు. అప్పటికి పరికరం 10 శాతం చూపింది. ఈ నాలుగు నెలలూ ఏమీ చేయకపోవడమే పని. తొందరపడి పచ్చి చెక్కను కోసినవారికి ఆ తరువాత నెక్ మెలి తిరగడం తప్పదు.

నేను ఎంచుకున్న స్కేలు, అంటే తల దగ్గర తీగలు ఆనే నట్ నుంచి బాడీ మీద అవి ఆనే బ్రిడ్జి దాకా తీగ మోగే పొడవు, 24.75 అంగుళాలు, మిల్లీమీటర్లలో 628.65. మెట్ల స్థానాలను లెక్కించే పద్ధతి తెలిసినదే: మొత్తం పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది, మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే రెండవది వస్తుంది. మొదటి మెట్టు నట్ నుంచి 35.28 మిల్లీమీటర్ల దూరంలో, పన్నెండవది సరిగ్గా సగంలో, 314.3 దగ్గర పడతాయి. గుర్తులు పెట్టేటప్పుడు మాత్రం ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు కొలవకూడదు. అన్నింటినీ నట్ నుంచే కొలవాలి. లేకపోతే ప్రతి కొలతలోని చిన్న తప్పూ పోగై ఇరవై రెండవ మెట్టు దగ్గరకు వచ్చేసరికి స్వరం చెడిపోతుంది. నేను గాట్లు కోస్తుంటే అమ్మ వచ్చి కూర్చుంది. "వీణకు మేళం కట్టేటప్పుడు మైనంలో మెట్టును అటూ ఇటూ జరిపి చెవితో సరిచూసుకుంటారు. నువ్వు చెక్కలోనే కోసేస్తున్నావు, రేపు తప్పైతే ఎట్లా నాన్నా?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆ ప్రశ్న విన్న తరువాత ప్రతి గాటునూ రెండుసార్లు కొలిచి కోశాను.

నెక్ తయారీని వేగంగా చెప్పి ముందుకు వెళతాను. తల భాగాన్ని 13 డిగ్రీల వాలుతో ఏటవాలు అతుకుగా వేశాను, మధ్యలో గాడి తీసి, నెక్ వంపును రెండువైపులా సరిచేయగల ట్రస్ రాడ్ అనే కడ్డీ పెట్టాను, ఫ్రెట్‌బోర్డు అడుగును అసిటోన్‌తో తుడిచి వెంటనే అతికించాను. రోజ్‌వుడ్‌లో సహజంగా ఉండే నూనెను అలా తుడవకపోతే జిగురు పైపైనే నిలుస్తుంది. మెట్లకు వాడే లోహాన్ని నికెల్ సిల్వర్ అంటారు. పేరులో వెండి ఉన్నా అందులో వెండి లేదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. మెట్లన్నీ నెక్‌ను బాడీకి చేర్చక ముందే కొట్టేశాను. నెక్ వెనుక గుండ్రదనాన్ని ఆకురాయితోనూ రందాతోనూ తీసిన రెండు సాయంత్రాలు ఈ పని మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైనవి. అరచేయి ఎక్కడ ఆగుతుందో అక్కడే ఇంకా కాస్త తీయాలని చేతికే తెలుస్తుంది.

అసలు విషయం నెక్ కోణం. నేను పెట్టదలచుకున్న ట్యూన్-ఓ-మాటిక్ బ్రిడ్జి, 1954లో గిబ్సన్ తెచ్చిన రకం, బాడీ మీద ఎత్తుగా నిలుస్తుంది. నా దగ్గర ఉన్న బ్రిడ్జిలో తీగ ఆనే చోటు బాడీ నుంచి 18 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఫ్రెట్‌బోర్డు మందం 6, దాని పైన మెట్టు ఎత్తు 1.2, అంటే నెక్ బాడీలోకి ప్రవేశించే పదహారవ మెట్టు దగ్గర మెట్ల పైభాగం 7.2 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మెట్లకు తగలకుండా తీగ ఆడాలి కనుక, మెట్ల మీద ఒక ఉక్కు స్కేలు ఆనించి బ్రిడ్జి దాకా చాపితే అది బ్రిడ్జి దగ్గర తీగ కంటే మూడున్నర మిల్లీమీటర్లు కిందుగా, అంటే 14.5 ఎత్తులో నిలవాలి. పదహారవ మెట్టు నుంచి బ్రిడ్జికి దూరం దాదాపు 249.5 మిల్లీమీటర్లు. ఆ దూరంలో 7.3 మిల్లీమీటర్లు పైకి లేవాలంటే నెక్ వెనుకకు సుమారు 1.7 డిగ్రీలు వాలాలి. ఇందులో అర డిగ్రీ తప్పితే బ్రిడ్జి దగ్గర 2 మిల్లీమీటర్లకు పైగా తేడా వస్తుంది. బ్రిడ్జిని స్క్రూలతో పైకీ కిందికీ జరపగలిగేదే కొద్ది మిల్లీమీటర్లు. ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రోజే, గిటార్ మంచి చెడ్డలన్నీ ఆ 1.7 దగ్గరే తేలతాయని నాకు బోధపడింది.

నెక్ చివర బాడీలోకి దూరే భాగాన్ని టెనన్ అంటారు. మన వడ్రంగులకు అది కుసి. నా గిటార్‌లో దాని పొడవు 75 మిల్లీమీటర్లు, వెడల్పు ఫ్రెట్‌బోర్డుతో సమానం. దాని కోసం బాడీలో తొలిచే గూడు అడుగు భాగం సమతలంగా కాక, 1.7 డిగ్రీల వాలుతో ఉండాలి. అందుకోసం కట్టె చీలిక ఒకటి చేసి, దాని మీద టెంప్లేటును, అంటే గూడు ఆకారం చూపే పలకను, రెండువైపులా అంటుకునే టేపుతో నిలిపి, చెక్కను తొలిచే రౌటర్ యంత్రాన్ని నడిపాను. అది మే నెల. డాబా మీది రేకుల గది ఎంత వేడెక్కుతుందో హైదరాబాద్ వేసవి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఆ వేడికి టేపు జిగట మెత్తబడి, టెంప్లేటు నాకు తెలియకుండానే జరిగింది. రౌటర్ ఆపి, నెక్‌ను గూటిలో పెట్టి చూస్తే రెండు తప్పులు కనిపించాయి. సన్నతీగ వైపు గోడకూ టెనన్‌కూ మధ్య అర మిల్లీమీటరు సందు ఉంది. స్కేలు ఆనించి చూస్తే అది బ్రిడ్జి దగ్గర 14.5కు బదులు 12 దగ్గర నిలిచింది. అంటే వాలు 1.1 డిగ్రీలే వచ్చింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని ఒప్పుకుంటాను. నాలుగు నెలలు ఆరబెట్టి, ఆ తరువాత చెక్కుతూ వచ్చిన చెక్క అది. జిగురు కాస్త ఎక్కువ పోస్తే సందు నిండిపోతుందనే ఆలోచన కూడా నాకు వచ్చింది. మరునాడు మా వీధి చివర ఉండే వృద్ధ వడ్రంగిని పిలిచాను. మా ఇంటి ద్వారబంధాలు చేసింది ఆయనే; నేను చిన్నప్పటి నుంచి ఆయనను కాకా అనే పిలుస్తాను. గిటార్‌ను ఆయన అంతకు ముందెన్నడూ దగ్గరగా చూడలేదు. అయినా టెనన్‌ను గూటిలో దూర్చి, రెండు వేళ్లతో అటూ ఇటూ కదిపి, సందులోకి ఒక కాగితం మడిచి పెట్టి చూసి, "జిగురు పెడితే సరిపోతది అనుకుంటున్నవా బిడ్డా? జిగురు సందు నింపుతందుకు కాదు, కట్టెకు కట్టెను కలుపుతందుకు. కట్టె పోయిన కాడ కట్టెనే పెట్టు" అన్నారు. ఆయన చెప్పినది నేను చదివిన సాంకేతిక విషయంతో పూర్తిగా సరిపోయింది. చెక్క పనికి వాడే జిగురు రెండు తలాల మధ్య కాగితం కంటే పలుచని పొరగా ఉన్నప్పుడే బలంగా నిలుస్తుంది. మందంగా పోస్తే ఆరేటప్పుడు కుంచించుకుపోయి, ఎడతెగని లాగుడుకు కొద్ది కొద్దిగా జారుతుంది. అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన పది నుంచి నలభై ఆరు దాకా మందం ఉండే సాధారణ తీగల సెట్టు ఈ తీగ పొడవులో శ్రుతి చేసినప్పుడు మొత్తం 40 కిలోలకు పైగా లాగుతుంది. ఆ లాగుడు రాత్రీ పగలూ ఉంటుంది.

సరిదిద్దడానికి పదిహేను రోజులు పట్టింది. బాడీ మిగులులోంచి, రేకు, అంటే చెక్కలోని పోగులు సాగే దిశ, ఒకటే ఉండేలా చూసుకుని, 75 మిల్లీమీటర్ల పొడవున్న పలుచని చీలిక ఒకటి తీశాను. బ్రిడ్జి వైపు చివర 0.8 మిల్లీమీటర్లు, నెక్ వైపు చివర సున్నా. అంత సన్నని ముక్కను రందాతో పట్టడం సాధ్యం కాదు. గాజు పలక మీద గరుకు కాగితం పరచి, దాని మీద వేలితో నొక్కి రాస్తూ, ప్రతి పది రాపిళ్లకు ఒకసారి కొలిచాను. మొదటిది విరిగింది, రెండవది పలుచనైపోయింది, మూడవది నిలిచింది. దానిని టెనన్ అడుగున అతికించాను. సందు ఉన్న వైపు టెనన్ పక్కన అర మిల్లీమీటరు మహాగని పొర అతికించాను. ఆ తరువాత గూటి గోడలకు సుద్ద పొడి రాసి, నెక్ దూర్చి తీసి, పొడి అంటిన చోట మాత్రమే ఉలితో గీరుతూ వచ్చాను. ఇలా ఎన్నిసార్లు చేశానో లెక్క పెట్టలేదు. చివరకు ఒక సాయంత్రం, జిగురు లేకుండానే, నెక్ పట్టుకుని ఎత్తితే బాడీ దానితోపాటు లేచింది. స్కేలు 14.5 దగ్గర నిలిచింది. నట్ అంచుల నుంచి బ్రిడ్జి స్థానం దాకా రెండు దారాలు లాగి చూస్తే, బాడీ మధ్యరేఖకు ఇరువైపులా సమాన దూరంలో పడ్డాయి.

ఇక్కడ వర్షాకాలం గురించి ఒక మాట. మేలో అమర్చిన అతుకు జూన్ చివరి వానలకు బిగుసుకుపోతుందని నేను భయపడ్డాను. అలా జరగలేదు. చెక్క తేమకు ఉబ్బేది రేకుకు అడ్డంగా. రేకు వెంబడి దాదాపు ఉబ్బదు. ఈ అతుకులో నెక్ రేకూ బాడీ రేకూ ఒకే దిశలో సాగుతాయి కనుక, టెనన్ ఎంత ఉబ్బితే గూడు కూడా ఇంచుమించు అంతే వెడల్పవుతుంది. తలుపు చట్రంలో రేకులు అడ్డదిడ్డంగా కలుస్తాయి కాబట్టే వానాకాలంలో తలుపు బిగుసుకుంటుంది. గిటార్ నిర్మాణంలోని ఈ వివేకం నాకు ఎంతో నచ్చింది.

జూన్ చివరి వారంలో, ఎండ వేడి తగ్గిన సాయంత్రం ఆరు గంటలకు జిగురు పెట్టాను. అంతకు ముందు రోజు రాణిగంజ్‌లో మరో రెండు క్లాంపులు కొన్నాను. జిగురు లేకుండా క్లాంపులన్నీ ఒకసారి బిగించి, ఏది ముందు, ఏది వెనుక, ఏ చెక్క ముక్క ఎక్కడ అడ్డుపెట్టాలి అన్నది అభ్యాసం చేసుకున్నాను, ఎందుకంటే నేను వాడిన టైట్‌బాండ్ జిగురు రాసిన కొద్ది నిమిషాల్లోనే పట్టు మొదలుపెడుతుంది. గూటి మూల నుంచి అదనపు జిగురు బయటకు రావడానికి దారి లేకపోతే, అది లోపలే చిక్కుకుని నెక్‌ను పైకి నెడుతుంది. అందుకే టెనన్ అడుగున సన్నని గీత ఒకటి తీసి ఉంచాను. బిగించిన వెంటనే మళ్లీ స్కేలు ఆనించాను, మళ్లీ దారాలు లాగాను. రెండూ సరిగ్గానే ఉన్నాయి. బయటకు వచ్చిన జిగురు రబ్బరులా అయ్యే దాకా ఆగి, ఉలితో తీసి, 24 గంటల పాటు దాని దగ్గరకు వెళ్లలేదు. బ్రిడ్జి స్తంభాల రంధ్రాలు ఆ తరువాతనే పెట్టాను. సన్నతీగ వైపు నట్ నుంచి 630 మిల్లీమీటర్లు, లావు తీగ వైపు 633. తీగను మెట్టు మీదకు నొక్కినప్పుడు లాగుడు పెరిగి స్వరం కొద్దిగా హెచ్చుతుంది కనుక పొడవును అలా పెంచి సరిచేయాలి. లావు తీగకు ఆ సవరణ ఎక్కువ కావాలి.

రంగు పనిలో నేను చేసిన తప్పు ఓపిక లేకపోవడమే. మహాగని రంధ్రాలు పెద్దవి. వాటిని రెండు విడతలు ఫిల్లర్‌తో నింపి, దానిమ్మ గింజ రంగు వేసి, ఆగస్టులో నైట్రోసెల్యులోజ్ లక్కర్ స్ప్రే చేయడం మొదలుపెట్టాను. రెండవ పూతకే ఉపరితలం మీద పాల మీగడ లాంటి తెల్లని మసక కమ్మింది. లక్కర్‌లోని తిన్నర్ వేగంగా ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లదనానికి నీరు పూతలోకి చేరి మసకబారుతుంది. నెమ్మదిగా ఆవిరయ్యే రిటార్డర్ తిన్నర్‌ను పలుచగా చల్లితే చాలావరకు మసక పోయింది. కానీ వాన పోయే దాకా మిగిలిన పూతలు వేయకూడదని నిర్ణయించుకుని, గిటార్‌ను గుడ్డలో చుట్టి నవంబరు దాకా పక్కన పెట్టాను. సెట్-నెక్‌లో నెక్‌ను విడదీసి వేరుగా పూత వేసే వీలు లేదు. మొత్తం వాద్యాన్ని తల దగ్గరి రంధ్రాల నుంచి కొక్కేనికి వేలాడదీసి, నెక్ బాడీలో కలిసే మూలలో పూత పేరుకోకుండా చూసుకుంటూ, రోజుకు మూడు చొప్పున పన్నెండు పలుచని పూతలు వేశాను. ఆవిరి ఊపిరితిత్తులకు హానికరం, పైగా తేలికగా అంటుకుంటుంది. కిటికీలన్నీ తెరిచి, ఫిల్టరున్న మాస్కు పెట్టుకుని, కింది అంతస్తులో పొయ్యి ఆర్పించిన తరువాతే పని చేశాను. నాలుగు వారాలు ఆరిన తరువాత 800 నుంచి 2000 నంబరు దాకా, నీటితో తడిపి వాడే గరుకు కాగితాలతో రుద్ది, మెరుగు పెట్టాను. సన్నతీగ వైపు బాడీ కొమ్ములా పొడుచుకువచ్చే భాగం అంచున ఒకచోట పూత మొత్తం పోయి చెక్క బయటపడింది. దాన్ని మళ్లీ కప్పలేదు.

వైరింగ్ ఒక ఆదివారంలో పూర్తయింది. తీగల కంపనాన్ని కరెంటుగా మార్చే పిక్-అప్‌లు హంబకర్లు అనే రకం. గిబ్సన్‌లో సేత్ లవర్ రూపొందించి 1955లో పేటెంటుకు పంపిన ఈ అమరికలో ఎదురెదురు దిశల్లో పనిచేసే రెండు తీగచుట్టలు కరెంటు గుయ్యిమనే చప్పుడును పరస్పరం రద్దు చేస్తాయి. కోఠి గుజరాతీ గల్లీలో శబ్దాన్ని సవరించడానికి తిప్పే 500 కిలో ఓమ్‌ల పాట్లు, 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్లు తెచ్చి టంకం వేశాను. బ్రిడ్జికి గ్రౌండు తీగ వేయడం మరవకుండా ఉంటే ఇందులో పెద్ద చిక్కేమీ లేదు.

2024 జనవరిలో తీగలు ఎక్కించాను. నట్‌లో మూడవ తీగ గాటు లోతు ఎక్కువై జరజరమంది. ఎముకతో మరో నట్ చెక్కుకున్నాను. పదిహేనవ మెట్టు మిగిలినవాటి కంటే ఎత్తుగా ఉంటే ఆకురాయితో సమం చేశాను. ఏడవ మెట్టు దగ్గర నెక్ వంపు 0.2 మిల్లీమీటర్లు, పన్నెండవ మెట్టు దగ్గర తీగ ఎత్తు సన్నతీగకు 1.6, లావు తీగకు 2 వచ్చేలా కుదిరింది. బ్రిడ్జి స్క్రూలకు పైకీ కిందికీ ఇంకా చోటు మిగిలి ఉంది. అమ్మ లావు తీగను బొటనవేలితో ఒకసారి మీటి, స్వరం ఆగే దాకా కదలకుండా విన్నది. తరువాత పన్నెండవ మెట్టు మీద నొక్కి మళ్లీ మీటి, "షడ్జం సరిగ్గానే పలికింది" అన్నది.

అప్పటి నుంచి తీగలు మార్చిన ప్రతిసారీ అదే ఉక్కు స్కేలును మెట్ల మీద ఆనించి బ్రిడ్జి దగ్గర కొలుస్తున్నాను. మే ఎండల్లో ట్రస్ రాడ్‌ను పావు తిప్పు తిప్పవలసి వచ్చింది, ఆగస్టు వానలకు తిరిగి పావు తిప్పు వదిలాను. అది నెక్ వంపుకు సంబంధించినది. కోణం మాత్రం మేలోనూ 14.5 దగ్గరే ఉంది, ఆగస్టులోనూ అక్కడే ఉంది. మొన్న కాకా వచ్చినప్పుడు గిటార్‌ను తిప్పి, పూత పోయిన కొమ్ము దగ్గర నుంచి అతుకు వెంట గోరుతో నెమ్మదిగా గీసుకుంటూ వెళ్లారు. చివర దాకా వెళ్లి, మళ్లీ మొదటికి వచ్చి, పొర అతికించిన వైపు ఏదని అడిగారు. నేను చూపించాను.